ఆటునాటి మాత్ర

కార్తిక బహుళాష్టమినాడు సూర్యుడు నీటి మీదికి బారెడెత్తు లేచునప్పటికి సముద్రము తన పొంగంతయు మరచి ఒడ్డున నురుగు చిమ్ముటకైనను బద్ధకించి మందమందముగా కదలుచుండెను. గవ్వలపేట పల్లెకారులు అట్టి ఆటుదినమును భయములేని దినమని తలంతురు. ఆ భయములేని దినముననే నూకన్న తెప్పను ఒడ్డునకు లాగుచు చేతిలోని మోకు జారవిడిచి ఇసుకపై ఒరిగిపోయెను.

ఉపకేంద్రపు నర్సు సుభాషిణి పరుగున వచ్చి చూచునప్పటికి ఆతని మూతి ఒకప్రక్కకు తిరిగి కుడిచేయి పడిపోయి యుండెను. ఆమె రక్తపోటు కొలిచి యంత్రము చూపిన అంకెను నమ్మజాలక మరల కొలిచెను. మరలను అదియే. అంబులెన్సు వచ్చి ఆతనిని పట్టణమునకు గొనిపోయెను. ఎనిమిది దినముల క్రిందట పౌర్ణమినాడు ఆ చేతికే పట్టీ చుట్టి నూకన్నా నీ పోటు దిగినదని మెచ్చుకొనినది తానేకదా యని ఆమె నిలువునా నీరయ్యెను.

వెన్నెల కాయునపుడు చేపలు వలను కనిపెట్టునని అచ్చటివారు వేటకు పోరు. మగవారందఱును ఇండ్ల దొరకుదురని ఆమె ప్రతినెలయు పౌర్ణమికే ఆ పేటకు వచ్చుచు తన తెలివికి తానే మురియుచుండెడిది. వచ్చినపుడెల్ల పోటుకు మాత్ర మానవలదని మఱిమఱి చెప్పెడిది. వారును మానుటలేదని తలయూపెడివారు.

ఆసుపత్రివారు ఆతడు వాడిన మందేదని అడిగిరని నూకన్న భార్య బండెమ్మ ఒక బిస్కట్ల డబ్బా తెచ్చి నర్సు ముందుంచెను. అందు విప్పని మాత్రల అట్టలు దొంతరగా నుండెను. ఇవి ఏల మిగిలినవని సుభాషిణి అడిగెను.

"మాయాయన ఏ పోటుకీ మానలేదమ్మా. పున్నానికి నాలుగు రోజులు, అమాసకి నాలుగు రోజులు ఏసుకుంతాడు. ఆటొచ్చినాక మాత్తరెందుకు? పోటు దిగిపోనాదని నువ్వే సెప్పినావు గదా" అని బండెమ్మ పలికెను.

సుభాషిణికి అప్పుడు తెలిసెను. పోటనగా ఆ జనులకు పున్నమికిని అమావాస్యకును ఉప్పొంగి ఆటువేళకు తానే దిగిపోవు సముద్రము. నెత్తురునందును అట్టిదే యొకటి కలదని నర్సమ్మ చెప్పుచున్నదని వారు నమ్మిరి. ఆమె వచ్చు పౌర్ణమినాటికి నూకన్న మాత్రలు మ్రింగుచునే యుండెను గనుక యంత్రమును ప్రతిమాఱు మంచి అంకెనే చూపెను. పగవాడైనను ఇంత చక్కగా మోసము పన్నజాలడు. ఇచటనో పగవాడే లేడు.

అంతలో ఆమెకు ఇంకొక ఊహ తట్టెను. ఈ మాటయే ఆమె ఇంకను పదునొకండిండ్ల చెప్పియుండెను. ఆ పూటయే ఇల్లిల్లును తిరిగి చూచెను. గూటిలో కొన్ని, బియ్యపు డబ్బాలో కొన్ని, చూరున సంచిలో కొన్ని. పదునొకండిండ్లను విప్పని అట్టలే యుండెను.

నెల తిరిగెను. నూకన్న బ్రదికి వచ్చెను. కుడిచేయి మాత్రము రాలేదు. సుభాషిణి ఆ అట్టలు చూచిన నాడు మొదలు పోటను మాట విడిచి ఈ జబ్బునకు ఆటు లేదని, మాత్ర దినదినమును వేసికొనవలెనని ప్రతి గడపలోను చెప్పుచుండెను. అందఱును మునుపటివలెనే తలయూపిరి. ఆ తలయూపును ఆమె ఇక నమ్మలేదు.

మరల బహుళాష్టమి వచ్చెను. ప్రొద్దుటనే నూకన్న తెడ్డు ఊతగా పట్టుకొని ఆ పదునొకండిండ్లలో మొదటిదాని వాకిట నిలిచెను. తెడ్డును గోడకు ఆనించి ఎడమచేత తన మాత్రను అందఱు చూచుచుండగా నోట వేసికొనెను.

"ఇయాల ఆటు. మాత్తరేసుకోండి" అని వంకరమూతితో కూడదీసికొని పలికెను.

ఆ యింటివాడు వ్రేలాడుచున్న ఆ కుడిచేతివంక చూచెను. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చుకొనెను. ఆతడు మాత్ర మ్రింగువఱకును నిలిచి నూకన్న తెడ్డు అందుకొని రెండవ గడపకు నడచెను.