రెండు చేతులు కావాలి

ఆయన ఒళ్లు వేడిగా ఉంది. మిట్టమధ్యాహ్నపు రాతిబండలా — తడిగుడ్డ వేస్తే ఆవిరొస్తుందేమో అనిపించేంత వేడి.

పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. వడ్రంగి మనిషి. మంచంలోనూ దూలమంత బరువు.

రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే పుండు పడుతుందని నర్సు చెప్పి వెళ్లింది. భార్య ఒక్కతే తిప్పింది.

నడుము పట్టేసింది. పుండు పడింది.

సిగ్గు చంపుకుని చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో రాసింది: "రోజూ ఒక్కపూట ఎవరైనా వస్తారా? రెండు చేతులు కావాలి."

చేతులు వచ్చాయి.

అరవై నాలుగు జతలు. పసుపుపచ్చని బొమ్మ చేతులు, భక్తిగా జోడించినవి.

ఒక్కటీ తలుపు తట్టలేదు.

చర్చిలో వాళ్లు కూర్చునే బల్లలు ఆయన చేసినవే. ఎవరికీ పేడు గుచ్చుకోకూడదని ప్రతిదీ అరచేత్తో తడిమి మరీ ఇచ్చాడు.

ప్రభువు కుష్ఠరోగి దగ్గర ఆగాడు. చెయ్యి చాపాడు. ముట్టుకున్నాడు. పరలోకం నుంచి కబురంపి ఊరుకోవచ్చు... ఊరుకోలేదు. ఒళ్లు ధరించి వచ్చాడు. నొప్పి పుట్టే ఒళ్లు. మేకు దిగే ఒళ్లు.

ఆదివారం సాయంత్రం ఫోన్‌లో ప్రార్థన. తెరనిండా గళ్లు, గడికో ముఖం.

"వదినా, రెండు ముక్కలు సాక్ష్యం చెప్పండి," అన్నాడు గ్రూపు నడిపే బీమా ఏజెంటు. "అన్నయ్య కోసం అందరం ప్రార్థనలో పట్టు పట్టాం మరి!"

"పట్టారా? మంచానికి ఏ వైపు పట్టారు బాబూ?"

ఎవరో కిసుక్కుమన్నారు.

ఆమె నవ్వలేదు. భర్త వైపు వంగింది. "చూపించనా?"

ఆయన కళ్లు ఒకసారి మూసి తెరిచాడు. సరేనని.

ఫోన్ ఆయన వీపు వైపు తిప్పింది. అరచేయంత పుండు.

"వదినా... పిల్లలు చూస్తున్నారు!"

"చూడనీ. సంఘం క్రీస్తు శరీరమని వాళ్లకు నేర్పాంగా. ఆ శరీరానికి నొప్పెక్కడో చూడనీ."

ఒక గడి నల్లబడింది.

ఇంకొకటి.

ఇంకొకటి... మబ్బు కమ్మినట్టు, తెరంతా.

ఒక్క ముఖం మిగిలింది. వెనక బల్ల మీద కూర్చునే టైలరు. కదలడం లేదు. సిగ్నల్ పోయి ఆగిపోయాడో, చూస్తూ ఆగిపోయాడో...

"అన్నా, వస్తావా?"



ఫోన్ గోడకు ఆనించింది. ఒక చెయ్యి భర్త భుజం కింద, ఒక చెయ్యి నడుము కింద పోనిచ్చింది. అరచేతులు కాలిపోతున్నాయి.

ఒకటి, అంది.

రెండు, అంది.

మూడు అనలేదు — తెరవైపే చూస్తూ ఉంది.