తెల్లబడిన గుడ్లు

నా భార్య ఎనిడ్ జనవరిలో పోయింది. షెడ్డులో తొట్టిలో ఆమె పెంచిన న్యూట్‌లు మిగిలాయి. పచ్చమచ్చల నీటిబల్లులు, ఒక మగది, రెండు ఆడవి. నేను ఆ షెడ్డులోకి గడ్డి కోసే మిషన్ కోసమే వెళ్ళేవాణ్ణి.

న్యూట్‌ల క్లబ్బు నుంచి గార్‌సైడ్ వచ్చి మూడింటినీ తీసుకెళ్తానన్నాడు. ఆడవాటికి వయసైపోయిందనీ, గుడ్లు పెట్టడం ఇదే చివరిసారి కావచ్చనీ అన్నాడు. అవి ఎనిడ్ చేతిలో గుడ్డు నుంచి పెరిగినవి. వాటి పిల్లలు ఇక్కడే పుట్టాలి, జూన్ దాకా ఆగమన్నాను.

మార్చిలో మగదాని వీపు మీద చారల తురాయి లేచింది. ఆడదాని ముందు తోక ఆడిస్తూ నిలబడేది. ఏప్రిల్లో ఆడవి గుడ్లు పెట్టాయి. గుడ్డుకో నీటిమొక్క ఆకు. వెనక కాళ్ళతో ఆకును మడిచి, గుడ్డును లోపల అంటించి, నొక్కి పట్టుకుంటాయి. పెద్దవి గుడ్లు తినేస్తాయని గార్‌సైడ్ చెప్పాడు గనక ఆకులు తుంచి, పీపాలోని వాననీళ్ళు నింపిన బేసిన్లలో వేశాను. రోజూ చూశాను. వేరే పని లేదు.

రెండో వారంలో సగం గుడ్లు తెల్లబడి బూజు పట్టాయి.

పక్కింటి హాలమ్ అంతకుముందు కంచె వెంట కలుపుమందు కొట్టాడు. పీపా కంచెకు ఆనుకునే ఉంది. వెళ్ళి అడిగాను. ఆ రోజు గాలి మా పీపా వైపు లేదన్నాడు. ఎనిడ్ శవపేటిక మోసిన చేతులతోనే ఆమె గుడ్లకు విషం పోశావన్నాను. అతని భార్య తలుపు వేసేసింది. నేను బేసిన్లన్నీ ఎరువుకుప్ప మీద గుమ్మరించాను. తెల్లబడనివి కూడా.

జూన్‌లో గార్‌సైడ్ వచ్చాడు. ఖాళీ బేసిన్లు చూసి అడిగితే జరిగింది చెప్పాను.

"సగం ఎప్పుడూ పోతాయి విల్ఫ్, ఎంత మంచి నీళ్ళలో పెట్టినా సరే. వాటి పుట్టుకే అంత. తెల్లవి చెంచాతో తీసేస్తే మిగతావి పిల్లలవుతాయి."

"ముందే చెప్పి ఏడవచ్చుగా?"

"ఎనిడ్ మొగుడివి కదయ్యా. నీకు తెలుసనుకున్నా."

ఆమె టీ దగ్గర ఏదో చెబుతూనే ఉండేది. నేను పేపరు చదువుకునేవాణ్ణి.

మళ్ళీ గుడ్లు పెట్టవా అన్నాను. ఈ ఏటికి అయిపోయిందన్నాడు. న్యూట్‌లు అప్పటికే నీళ్ళు వదిలి తొట్టిలో గట్టు మీది నాచులోకి దూరాయి. తీసుకుపొమ్మన్నాను.

తొట్టి చెరో పక్కా పట్టుకుని మోశాం. కంచె అవతల హాలమ్ గులాబీలు కత్తిరిస్తూ తలెత్తాడు. అతనికి చెప్పాల్సిన మాట నాకు తెలుసు. వ్యాను తలుపు వేసి ఇంట్లోకి వచ్చేశాను.