మోపెత్తే చెయ్యి

ఇంత గడ్డి కోసే దిక్కులేక ఎండిపోవాల్సిందేనా అనుకుంటూనే నడుస్తున్నాను, నడుము దాటి పెరిగింది, గాలికి ఒక పక్కకు ఒరిగి మళ్లీ లేస్తోంది, గడ్డి కోయరాదు అని గేటు దగ్గరి బోర్డు కూడబలుక్కుని చదివాను, ఇక్కడ కాపలా మా సల్మానే, ఈమధ్యే దొరికిన నౌకరీ, అమ్మీ, కరీంనగర్ల గిట్లాంటి పార్కు ఇంకోటి లేదు, జర చూద్దువు రా అని నన్నూ కొత్త కోడలు యుమ్నానూ తీసుకొచ్చాడు, యుమ్నా ముందు నడుస్తూ ఫొటోలు తీసుకుంటోంది, అదిగో అక్కడే, కంచె లేని రోజుల్లో, మా ఆయన చాంద్‌పాషా చనిపోయిన ఏడాది, నేనూ ఆనందమ్మా వంగి గడ్డి కోసేవాళ్లం, బర్రెలున్న ఇళ్లకు అమ్ముకునేవాళ్లం, నిండు మోపు ఒక్కరే తలకెత్తుకోలేరు, ఇంకో చెయ్యి కావాలి, దారిన పోయేవాళ్లయినా ఎత్తమంటే కాదనేవాళ్లు కాదు, సల్మాన్ అప్పుడు చంకబిడ్డ, వాడికేం గుర్తు, లక్సెట్టిపేటలో బట్టల దుకాణం ఉన్న వియ్యాలవారికి నేనా సంగతే చెప్పలేదు.

ఈల వేశాడు సల్మాన్, ఎవలమ్మా గది, బయటికి రా, అని అరిచాడు, గడ్డిలోంచి ఒకామె నడుము నిలబెట్టింది, చేతిలో కొడవలి, కాళ్ల దగ్గర కట్టిన మోపు, జుట్టు నెరిసినా ఆ నిలబడే తీరు ఆనందమ్మదే, ఆమె వాణ్ని లెక్కచేయనే లేదు, ఓ సలీమా, నువ్వేనానే, మంచిగ దొరికినవ్, రా, జర మోపెత్తు, అని నవ్వింది, యుమ్నా ఫోను దించి నన్నే చూస్తోంది, నీకెర్కేనా అమ్మీ, ఎర్కయితే జెప్పు, గీ ఒక్కపారి ఇడిశిపెడ్త, అన్నాడు సల్మాన్, ముందుకు పోబోయిన చేతులను కొంగులో చుట్టేసుకున్నాను, ఎర్క లేదు బేటా, ఎవలనుకుంటుందో ఏమో, అంది నా నోరే.

గట్లనా, కోడలచ్చినంక కండ్లు గూడ మారినయా, అంది ఆనందమ్మ, తాడు విప్పి గడ్డినంతా అక్కడే దులిపేసి, ఖాళీ తాడు భుజాన వేసుకుని కంచె సందులోంచి పోయింది, పాపం, ఎత్తితే ఏమైతుండె అమ్మీ, నన్నన్నా అడుగకపాయె, అంది యుమ్నా, అవును, ఏమైతుండె, కొడుకు నౌకరీ కోసమే అలా అన్నానని నాకు నేను చెప్పుకుంటూ గేటు దాకా వచ్చాను, ఇడిశిపెడ్తనన్నది వాడే కదా, నౌకరీ కాదు, ఏమీ కాదు, నేనేమిటో కోడలికి తెలియకూడదని, నేనేమిటో తెలిసిన ఒక్క మనిషినీ తెలియదన్నాను.