ఏడు వారాలూ వారశూలే

నేను ఒక కారుని. వెండి రంగు, నాలుగు తలుపులు, వెనక సీట్లో మూడో మనిషి ముడుచుకుని కూర్చోవలసినంత ఒళ్లు. వయసు పదిహేనేళ్లు. ఇన్నేళ్లలో తిరిగిన దూరం తొమ్మిది వేల మూడు వందల కిలోమీటర్లు. నాతో పుట్టిన కార్లు ఈపాటికి ఎన్నో ఊళ్లు చూసి, అరిగి, విరిగి, పాత ఇనుప సామాన్ల కొట్లకు చేరుకున్నాయి. నేను మాత్రం కాకినాడలో ఒక రేకుల షెడ్డు కింద నిలబడే ముసలిదాన్నయ్యాను. తిరిగినవాళ్లకు చెప్పుకోవడానికి ఊళ్లుంటాయి. నాకున్నది ఒక్క ఇంటి కథే.

పుట్టింది ఎక్కడో అరవదేశంలో, పెద్ద ఫ్యాక్టరీలో. అక్కడినుంచి లారీ మీద ఎక్కించి తెచ్చారు. నా కాళ్ల మీద నేను నడవకుండా ఊళ్లోకి వచ్చినప్పుడే నా జాతకం నాకు తెలిసి ఉండాల్సింది. కొన్నది జగన్నాయకులుగారు, పాలిటెక్నిక్‌లో డ్రాయింగు మాస్టారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. కుంకుమ బొట్లు, కొబ్బరికాయ, వీధంతా స్వీట్లు. అంత సంబరం చూసి, ఇక నాకు క్షణం తీరికుండదని భ్రమపడ్డాను.

మాస్టారు చెడ్డవారు కారు. స్కేలు లేకుండా నిలువు గీత గీయగల మనిషి. కాని గడప దాటాలంటే పంచాంగం తిరగేయాలి. వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం, ఇవన్నీ దాటాక మిగిలేది వారశూల. అంటే ఫలానా వారం ఫలానా దిక్కుకు ప్రయాణం కూడదని. మరి కాలేజీకి రోజూ ఎలా వెళ్లేవారంటే, స్కూటరు మీద. స్కూటరు మీద వెళ్లడం నిత్యకృత్యమట, దానికి ముహూర్తం అక్కర్లేదు. కారు బయటికి తీస్తే మాత్రం అది ప్రయాణం. ఈ సూత్రం ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. నా బతుకంతా దాని కిందే నలిగిపోయింది. శనివారం శనివారం పొద్దున్నే పది నిమిషాలు నా ఇంజను ఆన్‌లో ఉంచి, తుడిచి, గుడ్డ కప్పేవారు. అదే నాకు వాహనయోగం. ఏడాదికి నాలుగైదుసార్లు అన్నీ కుదిరి ఏ పెళ్లికో గుడికో పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తే, ఆ కిలోమీటర్లే నా లెక్క.

ఇల్లాలు హైమావతిగారు. యాభై రెండో ఏట డ్రైవింగు స్కూల్లో చేరి, మగపిల్లలందరి మధ్యా పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నారు. మాస్టారు ఆ లైసెన్సును తెగ మెచ్చుకుని, నన్ను షెడ్డు నుంచి గేటు దాకా, గేటు నుంచి షెడ్డు దాకా నడపడానికి అనుమతించారు. ఎనిమిదేళ్లుగా ఆవిడ నడిపింది అంతే. చెయ్యి ఎంత మెత్తనంటే, గేరు మార్చేముందు నన్నొకసారి అడిగి మారుస్తున్నట్టుండేది.

ఆవిడకు ఒక్కర్తే అక్క, వేదవల్లిగారు. ద్రాక్షారామంలో ఉంటుంది. మోకాళ్లు అరిగిపోయి బస్సు మెట్టు ఎక్కలేదు. ముప్పై కిలోమీటర్ల దూరంలో సముద్రం పెట్టుకుని పదేళ్లుగా దాన్ని చూడలేదు. హైమావతిగారు నా ముందు సీట్లో కూర్చుని ఫోనులో మాట్లాడుకునేవారు గనక ఆవిడ గొంతు నాకు బాగా తెలుసు. "ఒసే హైమా, నీ కారులో నన్నోసారి ఉప్పాడ ఒడ్డున కూర్చోబెట్టవే. చాలు" అనేది. పెద్ద కోరికేమీ కాదు. నాకు అరపూట పని.

నా రిజిస్ట్రేషనుకున్న పదిహేనేళ్ల గడువు ఇంకో రెండు నెలల్లో పూర్తవుతుందని కాగితం చూసుకున్నప్పటినుంచి ఇంట్లో అమ్మడమా, ఉంచడమా అన్న చర్చ మొదలైంది. మాస్టారు అమ్మేద్దామన్నారు. మళ్లీ ఫిట్‌నెస్ పరీక్షలు, ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగడాలు తనవల్ల కాదన్నారు. ఇంత తక్కువ తిరిగిన బండిని ఎగరేసుకుపోతారని ధీమా. హైమావతిగారు ఎప్పుడూ ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజు మాత్రం కూరగాయల కత్తిపీట పక్కన పెట్టి, "అక్కని ఓసారి సముద్రానికి తీసుకెళ్లనివ్వండి. తర్వాత మీ ఇష్టం, అమ్మేసుకోండి" అన్నారు. మాస్టారు సరేనన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు.

ఆ సాయంత్రమే మ్యాపు పరిచి, స్కేలూ కోణమానినీ పెట్టి, ద్రాక్షారామం మనకు నైరుతి అని తేల్చారు. నైరుతి అంటే దక్షిణమూ అవును, పడమరా అవును. గురువారం దక్షిణానికి శూల, ఆది శుక్రవారాలు పడమరకు శూల. కాబట్టి ఈ మూడు రోజులూ వెళ్లడానికి లేదు. అక్కగారిని ఎక్కించుకుని వచ్చేటప్పుడు దిక్కు ఈశాన్యం. సోమ శనివారాలు తూర్పుకు, మంగళ బుధవారాలు ఉత్తరానికి శూల. ఆ నాలుగు రోజులూ రావడానికి లేదు. మాస్టారు తను గీసిన బొమ్మను తనే చాలాసేపు చూసుకున్నారు. బుధవారం వెళ్లి రాత్రి అక్కడే ఉండి గురువారం వద్దామా అంటే, పెళ్లయిన కొత్తలో ఆ ఇంట్లో పప్పులో ఉప్పు గురించి వచ్చిన మాటకు, ఆయన అక్కడ రాత్రి బస చెయ్యనని ఒట్టు పెట్టుకున్నారు. నాకు హారను ఉంది గాని నోరు లేదు. ఆ హారనైనా ఎవరో ఒకరు నొక్కాలి.

దారి చూపింది హైమావతిగారే. ప్రస్థానం పెడదామన్నారు. అంటే మంచిరోజున ప్రయాణపు సంచీ ఒకటి ఎదురింట్లో ఉంచితే, ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. మాస్టారు ఒప్పుకున్నారు గాని, వెళ్లేది కారు గనక కారునే ప్రస్థానం పెట్టాలన్నారు. అలా ఒక బుధవారం పొద్దున్న, మంచి ఘడియలో, హైమావతిగారు నన్ను రోడ్డు దాటించి ఎదురింటి గోడ పక్కన నిలబెట్టారు. షెడ్డు బయట రాత్రి గడపడం నాకు కొత్త. ఉప్పుగాలి నేరుగా ఒంటికి తగులుతుంటే, రేపు సముద్రాన్ని నేనూ చూస్తానని పొంగిపోయాను.

గురువారం పొద్దున్న ఇద్దరూ ఎక్కారు. హైమావతిగారు తాళం తిప్పారు. పలికాను. నాలుగు గజాలు కదిలానో లేదో, నా లోపల రబ్బరు గొట్టం ఒకటి పగిలింది. రోడ్డు మీద ధారగా నీళ్లు, బానెట్టు లోంచి ఆవిరి. ఆవిడ చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి. నేనేం చెయ్యను? పదిహేనేళ్లు పిలుపు కోసం ఎదురుచూసి, పిలిచిన రోజున కాళ్లు లేవు నాకు.

మెకానిక్కు మస్తాను వచ్చి గొట్టం చూసి, "ఇది తిరిగి అరిగింది కాదండి మాస్టారూ, నిలబడి ఎండిపోయింది. తక్కువ తిరిగిందని మీరు మురిసిపోతన్నారు గాని, రోజూ తిరిగిన బండే నయమండి" అన్నాడు. మాస్టారు తల వంచుకున్నారు. ద్రాక్షారామానికి ఫోను చేసింది హైమావతిగారు. అక్కగారు తెల్లవారుజామునే తయారై వరండాలో కూర్చుందట. గవ్వలు ఏరుకోవడానికి కవరు కూడా పెట్టుకుందట. "పోనీలేవే, సముద్రం ఎక్కడికి పోతుంది" అందట.

గొట్టాలు మార్చి, పట్టేసిన బ్రేకులు సరిచేసి, మస్తాను నన్ను మరుసటి బుధవారం సాయంత్రం తెచ్చి అప్పగించాడు. నేను మళ్లీ ప్రాణం పోసుకున్నట్టున్నాను. కాని ప్రస్థానానికి మంచి ఘడియ ఆ పొద్దున్నే దాటిపోయింది. వచ్చే బుధవారం దాకా ఆగుదామన్నారు మాస్టారు. హైమావతిగారు నన్నూ ఆయన్నూ ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయారు.

శుక్రవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. వేదవల్లిగారు భోంచేసి నడుం వాల్చి, మళ్లీ లేవలేదు.

శుక్రవారం పడమరకు శూల. పైగా వర్జ్యం. మాస్టారు పంచాంగం ముట్టుకోలేదు. చావు కబురుకు శూలా లేదు, వర్జ్యమూ లేదు. కొక్కేనికి ఉన్న తాళం తీసి భార్య చేతిలో పెట్టి, తను ఎడమవైపు సీట్లో కూర్చున్నారు. ఆవిడ ఏడవకుండా నడిపారు. కిందటి వారం నాలుగు గజాలు నడవలేని నేను ఆ రోజు ముప్పై కిలోమీటర్లూ ఎక్కడా దగ్గకుండా పరిగెత్తాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఇంటి ముందు నన్ను ఆపిన చోటునుంచి వరండా కనిపించింది. మేకుకు ఒక గొడుగు, దాని పక్కన మడత పెట్టిన ప్లాస్టిక్ కవరు వేలాడుతున్నాయి. హైమావతిగారు తలుపు తీసి దిగబోయి, ఆ కవరు చూసి మళ్లీ సీట్లో కూలబడ్డారు. అప్పుడు ఏడ్చారు. మాస్టారు ఆవిడ భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయారు.

దినాలన్నీ అయ్యాక ఒక ఉదయం ఆవిడ నా తాళం తెచ్చి, మాస్టారి ముందు ఉన్న పంచాంగం మీద పెట్టారు.

"ఇంక అమ్మేయండి."

మాస్టారు, "ఉండనీ హైమా. కాగితాలు నేను తిరిగి చేయిస్తాను. నువ్వు ఎంచక్కా నడుపుతున్నావుగా" అన్నారు. అంత మాట ఆయన నోట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"ఎక్కడికండీ?" అన్నారు ఆవిడ.

ఆయన పంచాంగం మీంచి తాళం తీసి జేబులో వేసుకున్నారు.

ఇప్పుడు నేను హైవే పక్కన పాత కార్ల దుకాణంలో, నలభై కార్ల మధ్య ఎండలో ఉన్నాను. మాస్టారు చెప్పిన నిజాన్ని దుకాణదారు నమ్మాడు గాని, తలపట్టుకున్నాడు. "ఇంత తక్కువంటే మీటరు వెనక్కి తిప్పేసేమనుకుంటారండి జనం" అన్నాడు. మాస్టారు వెళ్లిపోయాక నాకు వైరు తగిలించి, ల్యాప్‌టాప్‌లో ఏదో కొట్టి, తొమ్మిది వేలను అరవై ఒక్క వేలు చేశాడు. లోకంలో అందరూ వెనక్కి తిప్పితే నాకు ముందుకు తిప్పారు. కదలకుండానే యాభై వేల కిలోమీటర్లు వెళ్లొచ్చాను.

నిన్న ఒకాయన నన్ను చూడ్డానికి వచ్చాడు. అరవై వేలు ఎలా తిరిగిందని అడిగాడు. దుకాణదారు తడుముకోకుండా చెప్పాడు. "ఇంటావిడే నడిపేవారండి. ప్రతి ఆదివారం చుట్టాలందర్నీ ఎక్కించుకుని ఉప్పాడ బీచికి తీసుకెళ్లేవారు. అంతేనండి, వేరే తిరుగుడు లేదు." అబద్ధమని నాకు తెలుసు. అయినా వింటూ ఉండిపోయాను. అతను చెబుతున్న కారు నేనే అయ్యుంటే ఎంత బాగుండేది.

వచ్చినాయన గట్టివాడు. ముందు సీటు దగ్గర మ్యాటు ఎత్తి, కింద వేలితో రాసి చూసుకున్నాడు. "ఆదివారం ఆదివారం బీచికి తిరిగిన బండన్నారు. ఒక్క ఇసక రవ్వ లేదేంటండి?" అన్నాడు.

"ఆవిడకి శుభ్రం ఎక్కువండి" అన్నాడు దుకాణదారు.

ఆయన వెనక సీటు దగ్గర మ్యాటు కూడా ఎత్తి, మూలల్లోకి వేలు పోనిచ్చి వెతికాడు. ఎక్కడైనా ఒక్క రవ్వ దొరుకుతుందేమోనని నేనూ ఆశగా చూశాను.