తాబేలు కొండకి అతిథులు

మార్లిస్ తన తండ్రిని టాఫీ డబ్బాలో పెట్టుకుని జపాన్ దీవి ఒకినావాలో దిగింది. దహనం చేసినవాళ్లు బూడిద పోసిచ్చిన కలశం పక్కన పడేసి, ఆయనకి ప్రాణమైన ఆ డబ్బాలోకే మార్చేసింది. నాన్న చూస్తే పడీ పడీ నవ్వేవాడే అనుకుంది.

ఆ నాన్న, సార్జెంట్ వెర్నన్ హాల్‌బర్గ్, అమెరికా సైన్యంలో ఎన్ని దేశాలు తిరిగినా, మినెసోటాలో వాళ్లింటి కథలన్నీ ఈ దీవివే. బేస్ బయట అద్దెకి తీసుకున్న సిమెంటు ఇల్లు, తుపాను వస్తే కిటికీలకి చెక్కలు కొట్టేసి లోపల ఆడిన పేకాట, ఇంట్లో పనిచేసే ఊతో అమ్మ చేసిపెట్టిన కాకరకాయ వేపుడు... అన్నిటినీ మించి తాబేలు కొండ! ఇంటి వెనక చెరుకు తోట దాటితే చాలు, తాబేలు వీపులా ఉబ్బిన రాతి దిబ్బ, ముందు చదునైన వాకిలి, చుట్టూ పొట్టి గోడ. "యుద్ధం నాటి ఫిరంగుల చోటు అయ్యుంటుంది. పిక్నిక్ కోసమే కట్టినట్టు లేదూ?" అనేవాడు వెర్నన్. ఆదివారం వచ్చిందంటే అక్కడ దుప్పటి పరవాల్సిందే. మార్లిస్, తమ్ముడు కర్ట్ అట్టముక్కలు వేసుకుని ఆ వీపు మీంచి జర్రున జారేవాళ్లు.

ఆసుపత్రి మంచం మీద ఆయన అడిగింది కూడా అదే. "నన్ను తాబేలు దగ్గర వదిలెయ్యి మార్లీ. నేను బాగా బతికింది అక్కడే."

వచ్చిన సాయంత్రమే ఊతో అమ్మ కూతురు యోషియే హోటల్‌కి వచ్చింది. మార్లిస్ ఆనందం పట్టలేక సంచిలోంచి ఒక ఫోటో తీసి చూపించింది. వాళ్లింట్లో పొయ్యి మీది గోడకి ఏళ్లతరబడి వేలాడిన ఫోటో అది. తాబేలు కొండ ముందు దుప్పటి, మధ్యలో వెర్నన్, ఆయన చెయ్యి ఒక ముసలాయన భుజం మీద. ముసలాయన శాండ్‌విచ్ ఉన్న పళ్లేన్ని రెండు చేతులతో పట్టుకుని నవ్వుతున్నాడు. వెనక ఊతో అమ్మ, ఇంకొందరు, శుభ్రమైన బట్టల్లో, చేతుల్లో ఏవో పెట్టెలతో. దారినపోయే ఊరివాళ్లని నాన్న పిక్నిక్‌కి పిలిచిన రోజు! ఇంటికెవరొచ్చినా ఈ ఫోటో చూపించి, ఆ ముసలాయన ఎంత సంబరంగా నవ్వుతున్నాడో చూడండి అని మురిసిపోయేవాళ్లు.

యోషియే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఈ చోటు ఇంకా ఉందా?" అంది మార్లిస్ ఆత్రంగా.

"ఉండకేం అక్కా! రేపు మేమంతా అక్కడికే. షీమీ కదా. నువ్వూ వచ్చెయ్."

షీమీ అంటే ఏదో వసంతం పండగ అనుకుంది మార్లిస్. ఇంత అదృష్టమా! డబ్బాని సంచిలో సర్దుకుంటూ, భోజనాలయ్యాక మెల్లగా అడుగుదాం, కాదనరులే అనుకుంది.

మర్నాడు కారు దిగి చూస్తే చెరుకు తోట లేదు, ఇళ్లొచ్చేశాయి. తాబేలు కొండ మాత్రం అలాగే ఉంది. వాకిలి నిండా జనం. ఒకాయన కలుపు పీకుతున్నాడు, ఇంకొకావిడ రాతి వీపు మీద ఎండుటాకులు ఊడుస్తోంది. మధ్యలో ఉన్న చదరపు రాయి ముందు నల్లటి అగరుబత్తులు వెలుగుతున్నాయి.

ఆ రాయి మార్లిస్‌కి తెలుసు. నాన్న ఐస్ పెట్టెని ప్రతి ఆదివారం దానికే ఆనించేవాడు.

"యోషియే," అంది, "ఆ రాయి ఏంటి?"

"తలుపక్కా. లోపల మా తాతముత్తాతలందరి ఎముకలూ ఉంటాయి. షీమీ రోజు అందరం వచ్చి ఊడ్చి, వాళ్లతో కలిసి తింటాం."

మార్లిస్ చెవులు వేడెక్కిపోయాయి. ఈ వీపు మీద జారింది. ఆ గోడ మూలన కర్ట్ ఒంటికి పోస్తే అమ్మా నాన్నా పగలబడి నవ్వారు. ఇక ఆ ఫోటో! చేతుల్లో పెట్టెలు, శుభ్రమైన బట్టలు. దారినపోయేవాళ్లు కాదు వాళ్లు. సొంత సమాధికి, పెద్దల పండక్కి వచ్చినవాళ్లు. వాళ్లని వాళ్ల వాకిట్లోనే కూర్చోబెట్టి, అతిథులకి పెట్టినట్టు శాండ్‌విచ్ పెట్టాడు నాన్న.

చాప మీంచి ఊతో అమ్మ పిలిచింది. బాగా వంగిపోయింది గానీ గొంతూ, ఆ పిలుపూ మాత్రం అవే. "మారీ పాపా! ఏంటి, ఇవాళ జారవా? అట్టముక్క తెచ్చుకోలేదా?"

అందరూ ఘొల్లున నవ్వారు. మార్లిస్ వెళ్లి ఆమె ముందు చాప మీద కూర్చుంది. "అమ్మా, మాకు తెలీదు. ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? మీ నాన్న ఎదురొచ్చి, రండి రండి, బోలెడు చోటుంది అన్నాడు. మా నాన్న నా చెయ్యి నొక్కి, ఊరుకోవే, నీ పని పోతుంది అని, ఆ శాండ్‌విచ్ పళ్లెం పట్టుకుని నవ్వాడు." ఊతో అమ్మ నవ్వు ఆగింది. "అప్పుడు మీ సైన్యం పాలన, దీవంతా మీదే కదే పిల్లా. ఈ ఒక్క దిబ్బా మీది కాదని ఎవరు చెప్తారు?"

యోషియే అరల పెట్టె విప్పుతోంది. తోలుతో ఉడికించిన పంది మాంసం, చేప ముద్దలు, సముద్రపు నాచు.

"ఆ సంచిలో ఏం తెచ్చావ్? అలా కావలించుకు కూర్చున్నావ్?" అంది ఊతో అమ్మ.

"ఏం లేదమ్మా... తినేదే."

నోరు జారిపోయింది. నాలుక కొరుక్కున్నా లాభం లేదు.

"తియ్యి మరి! ఇంత మందిమి ఉన్నాం, అందరికీ తలా కాస్త పెట్టు!" అంటూ ముసలావిడే సంచిలో చెయ్యి పెట్టి డబ్బా బయటికి లాగింది. "టాఫీలు! ఇవి మీ నాన్నకి ప్రాణం కదూ?"

మూత మీద వేళ్లు పడ్డాయి. మార్లిస్ రెండు చేతులతో ఆ వేళ్లు పట్టేసుకుంది. "తియ్యకమ్మా! అది నాన్నే."

ఎవరూ నవ్వలేదు. రాతి వీపు మీద ఊడుస్తున్నావిడ చీపురు ఆపేసింది.

"ఇక్కడ వదిలెయ్యమన్నాడు," అంది మార్లిస్ నేలకేసి చూస్తూ. "అడగాలనే వచ్చాను. ఇప్పుడు అడగను."

ఊతో అమ్మ డబ్బాని ఒళ్లో పెట్టుకుని రాతి తలుపు వంక చూసింది. పక్కనున్న ముసలాయన వాళ్ల భాషలో కోపంగా ఏదో అన్నాడు. ఆమె ఆయన్ని చేత్తోనే వారించింది. డబ్బాని చాప అంచున, తలుపుకి దూరంగా పెట్టింది. దాని ముందు ఆకులో ఒక మాంసం ముక్క, చిన్న గిన్నెలో బియ్యపు సారా పెట్టింది.

"తలుపు దగ్గర మావాళ్లకే చోటు. ఆ రోజు మీ నాన్న మా నాన్నని కూర్చోబెట్టాడు, ఇవాళ మా నాన్న మీ నాన్నని కూర్చోబెడుతున్నాడు. తిని వెళ్లమను."

వెళ్లమను అంది, ఉండమనలేదు. మార్లిస్‌కి అర్థమైంది. బుర్ర ఊపింది.

ఎవరో ఆమె చేతికి పళ్లెం అందించారు. కింద పడిపోతుందేమోనని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ముద్ద నోటిదాకా పోతే కదా!

"అక్కా, ఇటు చూడు!" యోషియే ఫోన్ ఎత్తింది. "మీ తమ్ముడికి పంపుదాం. నవ్వు మరి!"

మార్లిస్ నవ్వింది. అచ్చం ఫోటోలో ఆ ముసలాయన నవ్వినట్టే నవ్వింది.