తూటా పేల్చని యర్రయ్య

"ఇది డూప్లికేట్ అమ్మా రాధా," అన్నాడు జనార్దనరావు అంకుల్, యర్రయ్య తాత నక్షత్ర పతకాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి. మా ఇంట్లో మా సోఫాలో కూర్చుని, నేను కలిపిచ్చిన కాఫీ తాగుతూ అన్న మాట ఇది!

ఆయన బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. సెరంగూన్‌లో కాండో, అంటే ఖరీదైన ఫ్లాటు, ఉంది. పాత యుద్ధ పతకాలు పోగుచెయ్యడం ఆయన పిచ్చి. ఇక్కడి తెలుగు సంఘంవాళ్లు యుద్ధంలో పనిచేసిన మన పెద్దల మీద ఎగ్జిబిషన్ పెడుతూ ఆయనకు బాధ్యత అప్పగించారు. అందుకే యూ టీలో ఉన్న మా ఫ్లాట్‌కి వచ్చాడు.

"సోవియట్ వాళ్ల రెడ్ స్టార్ ఇది. బ్రిటిష్ సైన్యంలో లారీ తోలిన మనవాడికి ఎందుకిస్తారు? ఆ ఎరుపంతా చూడు, పెచ్చులూడిపోయింది. దేంతో తోమారు?"

"చింతపండుతో. ఏటా ఆయుధపూజకి తోమి పసుపూ కుంకుమా పెడతాం."

"రామ రామ!" అని నుదురు కొట్టుకున్నాడు. "అసలైనదైనా దీనికిక విలువ లేదు."

నాకు ఒళ్లు మండింది. మా అత్తగారు పాపమ్మ మాత్రం నక్షత్రం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

యర్రయ్య తాత ఆవిడ తండ్రి. విశాఖ జిల్లా మనిషి. యుద్ధంలో ఇరాన్ మీదుగా రష్యావాళ్లకు సరుకులు చేరవేసే లారీలు తోలాడు. తర్వాత వాళ్ల దళాన్ని మలయాకు పంపితే పేరాక్‌లో ఒక రబ్బరు తోటలో పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయాడు. "ఒక్క తూటా పేల్చకుండా వచ్చింది నాకిది," అని నక్షత్రం చూపించేవాడట. తోటంతా పగలబడి నవ్వేది. పేల్చకుండా పతకమేంటి, తాకట్టు కొట్లో కొనుక్కుని ఉంటాడని. మలయ్ భాషలో బోహోంగ్ అంటే అబద్ధం. ఆయనకు బోహోంగ్ యర్రయ్య అని పేరు పెట్టేశారు. అత్తయ్య బడికి వెళ్తే బోహోంగ్ కూతురు వచ్చిందనేవారు. ఆ పేరుతోనే ఆయన పోయాడు కూడా.

ఇప్పుడు మళ్లీ అదే మాట, మా ఇంటికే వచ్చి! ఊరుకుంటానా?

సైన్స్ పార్క్‌లో మా ఆఫీసులో గలీనా అనే రష్యన్ అమ్మాయి ఉంది. ఫొటో చూపించాను. ఇలాంటి నక్షత్రాలకు వెనకవైపు నంబరు చెక్కుతారని, నంబరుంటే అది ఎవరికిచ్చారో వాళ్ల ఆర్కైవ్‌లో వెతకొచ్చని చెప్పింది. మా నక్షత్రం వెనకంతా తోమి తోమి నున్నగా అయిపోయింది. మధ్యలో మాత్రం వెడల్పాటి గుండ్రటి నట్టు బిగించి ఉంది. నంబరు దాని కింద ఉండొచ్చంది గలీనా.

"అది మా అయ్య సేత్తో బిగించింది. ముట్టుకోవద్దు," అంది అత్తయ్య.

మా ఆయన హరిదాస్ వెంటనే వెనక్కి తగ్గాడు. ఆయన ఎప్పుడు తగ్గలేదు గనక! రెండు రోజుల తర్వాత ఆవిడే కొబ్బరినూనె సీసా తెచ్చి నా ముందు పెట్టింది.

"తియ్యి రాదా. మా అయ్య బోహోంగే అయితే అదీ తెలిసిపోనీ. ఎంతకాలం బయపడతాను?"

నూనె పోసి, నానబెట్టి, హరిదాస్ పట్టకారుతో తిప్పాడు. నట్టు కిందికి చింతపండు చేరలేదు. అంకెలు నిన్న చెక్కినట్టు ఉన్నాయి. అత్తయ్య వాటిని వేలితో తడిమి చూసింది.

ఆ నంబరు గలీనా ఆర్కైవ్‌కి పంపింది. జవాబు రావడానికి నెలలు పట్టాయి. గలీనా క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని చదివి చెప్పింది. డ్రైవర్ యర్రయ్య, మంచుతో కొండదారి మూసుకుపోయినప్పుడు ముందు లారీ తాను తోలుతూ, వెనక ఒక్క లారీని కూడా వదలకుండా పిండి బస్తాలు ఇరాన్‌లోని తబ్రీజ్ చేర్చినందుకు. అంతే ఉంది అందులో. నేను అందరి ముందూ భోరుమన్నాను, సిగ్గేమీ పడలేదు.

జనార్దనరావు అంకుల్‌కి కాపీ పంపాను. "ఎక్స్‌లెంట్! సెంటర్ టేబుల్ మనదే!" అని మెసేజ్. మనదేనట!

ఎగ్జిబిషన్ రోజు ముగ్గురం వెళ్లాం. నక్షత్రం పక్కన స్టాండు మీద బోర్డు, దాని మీద తుపాకీ గురిపెట్టిన సైనికుడి బొమ్మ. అత్తయ్యకు తెలుగు చదవడం రాదు.

"ఏం రాసారు?"

"ఎర్రసైన్యంతో కలిసి హిట్లర్ సేనల మీద పోరాడిన తెలుగు వీరుడు," అని చదివాను.

"తుపాకీ ఎక్కడిది?" అంది ఆవిడ.

అంకుల్ నవ్వాడు. "జనం ఆగి చూడాలి కదండీ పాపమ్మగారూ. లారీ డ్రైవర్, పిండి బస్తాలు అంటే ఎవరాగుతారు? ఆయన గౌరవం పెంచడానికేగా!"

"పెంచుతారా?" అంది ఆవిడ. "తోటలో ఆళ్లు అబద్దంగా బోహోంగ్ అన్నారు. మీరు నిజంగానే బోహోంగ్‌ని సేసేస్తన్నారు. తియ్యండది."

"ఇప్పుడెలా? అతిథులు వచ్చేస్తున్నారు."

అత్తయ్య బోర్డును స్టాండు మీంచి లాగి, కుర్చీ మీద బోర్లా వేసి, చీర సర్దుకుని దాని మీద కూర్చుంది.

"అమ్మా, ప్లీజ్, అందరూ చూస్తున్నారు," అన్నాడు హరిదాస్.

"రాధా, నువ్వైనా చెప్పమ్మా," అన్నాడు అంకుల్.

"చెప్తాను అంకుల్. అత్తయ్యా, కదలకండి."

జనం రానే వచ్చారు. బోర్డు లేని టేబుల్, బోర్డు మీద కూర్చున్న ముసలావిడ. ఆగకుండా ఎవరు పోతారు? వచ్చినవాళ్లలో ఒకాయన నక్షత్రం మీదికి వంగి చూశాడు.

"మీ నాన్నగారిదా ఆంటీ? ఎంతమందిని చంపారు?"

"ఒక్కణ్నీ సంపలేదు నాయనా. లారీ డ్రైవరు. ఆకలితో ఉన్నోళ్లకి మంచులో పిండి తోలుకెళ్లాడు. అందుకిచ్చారు."

అత్తయ్య లేచి నిలబడి హాలంతా ఒకసారి కలయజూసింది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఒక్క తూటా పేల్చలేదు మా అయ్య! నవ్వేవాళ్లుంటే రండి, ఇప్పుడు నా ముందుకొచ్చి నవ్వండి!"