తలకు తగిలిన చెయ్యి

మా బిలాస్‌పూర్ తెలుగు చర్చి సంఘంలో వెనక చాపల మీద కూర్చునేవాళ్ళలోంచి అయ్యగారైన మొదటి మనిషి మా ఆయన ప్రవీణ్. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. విన్నవాళ్ళకు వస్తే రానీ.

మా చర్చి రైల్వే కాలనీ చివర ఉంది. రేకుల కప్పు, ముందు బెంచీలు, వెనక చాపలు. గుమస్తాలుగా, గార్డులుగా వచ్చిన కుటుంబాలవి బెంచీలు. పట్టాల మీద పాకీ పనికీ గ్యాంగు పనికీ తాతలనాడు విజయనగరం వైపు నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళవి చాపలు. చర్చిలో కులం అన్న మాట ఎవరూ ఎత్తేవారు కాదు, ఆచారం అనేవారు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచే అయ్యగారు ఎప్పుడూ బెంచీల కుటుంబాల నుంచే రావడం కూడా ఆ ఆచారమే.

మా ఆయన రైలింజన్ల షెడ్‌లో ఫిట్టర్. డ్యూటీ చేసుకుంటూనే బైబిలు పరీక్షలన్నీ పాసయ్యాడు. జబ్బుపడ్డవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేసేదీ, పిల్లలకు పాటలు నేర్పేదీ ఆయనే. అయ్యగారు ముసలివారైపోయారు, ఆయన తర్వాత ప్రవీణ్‌ని అభిషేకించండి అని చాపలవాళ్ళు ఏటా అడిగేవారు. సంఘం సెక్రటరీ వేణుగోపాల్ గారు ఏటా చూద్దాం అనేవారు.

నేను పార్వతీపురం నుంచి కోడలిగా వచ్చినదాన్ని. అక్కడ మా చర్చిలో అందరం ఒక్కలాంటివాళ్ళమే కాబట్టి ఈ సంగతులేవీ నాకు తెలియవు. ఎనభయ్యారు వానాకాలంలో మాకు పిల్ల పుట్టింది. నెలలు నిండకుండానే వచ్చేసింది, పావురం పిట్టంత. చిన్నమ్మి అని పిలుచుకున్నాం. అది తుమ్మితే నాకు గుండె జారేది, తుమ్మకపోతే ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

పిల్లను దేవుడికి ప్రతిష్ఠ చేసే ఆదివారం వచ్చింది. ఆ రోజే వేణుగోపాల్ గారి మనవడికి కూడా. అయ్యగారు ముందు ఆ బాబు తల మీద ఉంగరాల జుట్టు అణిగేలా చెయ్యి వేసి ప్రార్థించారు. తర్వాత మా వంతు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను, పిల్ల మీంచి చూపు ఎలా తీస్తాను? అయ్యగారి చెయ్యి వచ్చింది. వచ్చి, చిన్నమ్మి తలకు వేలెడు ఎత్తులో ఆగిపోయింది. ప్రార్థన అయ్యేదాకా అక్కడే ఉండి, అలాగే వెనక్కి వెళ్ళిపోయింది. పిల్ల టోపీ కుచ్చు కూడా కదల్లేదు.

ఇంటికొచ్చి మా అత్త కనకంతో చెప్పాను. ఆవిడ బియ్యం చెరుగుతున్న చేట ఆపింది.

"నువ్వు కళ్ళెందుకు తెరిసినావే?"

"పిల్ల ఊపిరి చూసుకోవద్దా అత్తా?"

"మన తలకాయల మీద ఎప్పుడూ అంతేనే. నా పెళ్ళిలో నానూ సూసినాను. కళ్ళు మూసుకుంటే తగిలినట్టే ఉంటాది."

ఎవరితోనూ అనవద్దని కూడా చెప్పింది. కొడుక్కి రావలసిన అయ్యగారి సేవ నా నోటి వల్ల పోతుందని ఆవిడ భయం.

ఆ వారంలో చిన్నమ్మికి జ్వరం వచ్చింది. రైల్వే ఆసుపత్రి మందుతో తగ్గింది. మందు సంగతి సరే, దీవెన సంగతి ఏమిటి? అది పిల్లదాకా రాలేదేమో అన్న దిగులు నన్ను తినేసింది. అయ్యగారు పొరపాటున చూసుకోలేదేమోలే, అడిగితే మళ్ళీ పెడతారు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

మరుసటి ఆదివారం, ప్రార్థన కావలసినవాళ్ళు రండి అనగానే పిల్లను ఎత్తుకుని ముందుకు నడిచాను. వెనక నుంచి అత్త కొంగు పట్టుకుని లాగింది. ఆగలేదు.

"అయ్యగారండీ, పోయిన ఆదివారం చెయ్యి తగల్లేదండి. మళ్ళీ పెట్టండి."

వేణుగోపాల్ గారు లేచి, చెయ్యిదేముందమ్మా, ప్రార్థన ముఖ్యం, వెళ్ళి కూర్చో అన్నారు.

"మరి మీ మనవడి తలకి తగిలింది కదా బాబూ. నేను చూశానండి."

అయ్యగారు నా వైపు కాదు, తన అరచేతి వైపు చూసుకున్నారు. తర్వాత ఆ చెయ్యి చిన్నమ్మి తల మీద పూర్తిగా ఆన్చారు. పిల్ల నిద్రలో మూతి ముడిచింది. ఆయన ప్రార్థన మళ్ళీ మొదటి నుంచి చేశారు. ఆమెన్ అనేదాకా చెయ్యి తీయలేదు.

నేను వెనక్కి తిరిగేసరికి, గ్యాంగులో పనిచేసి రిటైరైన పోలయ్య తాత నా వెనక నిలబడి ఉన్నాడు.

"నాకూ పెట్టండి అయ్యగారూ. బట్టతలైపోనాది గానీ తల అదే."

ఆయన వెనక చాపలన్నీ లేచాయి. ఆరాధన ముగిసేసరికి బెంచీల్లో సగం ఖాళీ.

దారంతా మా ఆయనే పిల్లను ఎత్తుకుని నడిచాడు. క్వార్టర్ తాళం తీస్తూ అన్నాడు: "ఇంక నాకు ఆ సేవ రాకపోయినా పర్లేదు సౌభాగ్యా."

రాకుండా పోతుందనే అనుకున్నాను. కానీ కమిటీ మీటింగులో అయ్యగారే లేచారట. తగలకుండా దీవించడం తనకు ముందున్న అయ్యగారు నేర్పారనీ, ఆ విద్య తనతో ఆగిపోవాలనీ, ప్రవీణ్‌కి అభిషేకం చేశాకే తాను సేవ నుంచి తప్పుకుంటాననీ చెప్పారట. వేణుగోపాల్ గారు ఒప్పుకోలేదు. బెంచీల కుటుంబాలు హిందీ చర్చికి వెళ్ళిపోతాయన్నారు. అప్పుడు వేణుగోపాల్ గారి అమ్మ మంగాయమ్మ గారు, తాను ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రింబవళ్ళు పక్కన కూర్చున్నది ఎవరని కొడుకును అడిగారట.

"అచ్ఛా, పోతే పోనీరా. దేవుడి దగ్గర హిందీలో ఏడవడం ఎంతమందికొచ్చో చూద్దాం," అన్నారట.

అయినా తేలడానికి ఏడాది పైనే పట్టింది. చివరికి ఒక ఆదివారం, ఇక మీదట ఏ కుటుంబంలో పుట్టినవాడైనా అయ్యగారు కావచ్చన్న కమిటీ తీర్మానాన్ని అయ్యగారే అందరి ముందూ చదివారు. చాపలు తీసేసి అంతటా బెంచీలు వేశారు.

అభిషేకం రోజు పొద్దున్నే మా ఆయన తలకు కొబ్బరినూనె పట్టించాను. మామూలుగా కాదు, కణతల మీదికి కారేలా. ఇదేమిటే అన్నాడు. ఉండనీ అన్నాను.

ఆయన మోకరించాడు. పెద్దలందరూ చుట్టూ చేరి చేతులు ఉంచాలి. అత్త నా చెవిలో, "నువ్వు కళ్ళు మూసుకోవే. ఈ పాలి నాను సూత్తాను," అంది. మూసుకున్నాను గానీ నిలవలేకపోయాను. తెరిచి చూస్తే మా వాళ్ళెవరూ కళ్ళు మూసుకోలేదు. పోలయ్య తాత అయితే కళ్ళజోడు కూడా పెట్టుకున్నాడు.

అందరి చేతులూ ఆనాయి. వేణుగోపాల్ గారి చెయ్యి మాత్రం వేలెడు ఎత్తులో ఆగింది. ఆయన తలెత్తారు. ఇన్ని కళ్ళు తనవైపే చూస్తున్నాయని అప్పుడే తెలిసింది ఆయనకు. తల దించుకుని చెయ్యి ఆన్చారు. ఆన్చి, నొక్కారు.

తర్వాత ఆయనే మా ఆయనకు సంఘం బైబిలు అందించారు. ఆ నల్ల అట్ట మీద నాలుగు వేళ్ళ నూనె మరక పడింది. ఇప్పటికీ ఉంది. ఎవరినీ తుడవనివ్వను.